రాకెట్టు మన నెత్తి మీద నుంచే పోద్ది, రైల్లో మాత్రం ఫోను పలకదు

2022 అక్టోబర్ 23, అర్ధరాత్రి దాటి ఏడు నిమిషాలు. నెల్లూరు పక్కన పడుగుపాడులో మా మామ వాళ్ల డాబా మీద అందరం దోమలు కొట్టుకుంటా దక్షిణం దిక్కు చూస్తా నిలబడ్డాం. మరుసటి రోజే దీపావళి, పిల్లలకి ఎట్టాగూ నిద్రలేదు. ఉన్నట్టుండి చెట్ల వెనక ఆకాశం నారింజ రంగుకి తిరిగింది, ఒక నిప్పుముద్ద మెల్లగా పైకి లేచింది, చప్పుడు మాత్రం మా దాకా రాలేదు. శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్టు, లోపల వన్‌వెబ్ అనే లండన్ కంపెనీవి 36 ఇంటర్నెట్ ఉపగ్రహాలు. 2023 మార్చి 26న ఇంకో 36 పంపారు. (శ్రీహరికోట 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి పోయింది, మా వాళ్లకి మాత్రం అది ఇప్పటికీ నెల్లూరు జిల్లానే, ఆ సంగతి ఎత్తితే గొడవ.)

చప్పట్లు అయిపోయాక మా మామ నా వైపు తిరిగి, "ఏంది అబ్బయ్యా ఇది? ఈడ్నుంచి పోయిన ఉపగ్రహాలు ఊరందరికీ నెట్ ఇస్తాయంట, మనం రైలెక్కి తలమంచి స్టేషను దాటితే హలో హలో అంటానే ఉండాల. ఆ పైనున్నదాన్ని రవ్వంత మన బండికి తగిలించలేరా?" అన్నాడు. ఆయన రైల్వేలో ఎస్ అండ్ టీ, అంటే సిగ్నల్, టెలికాం మనిషి. బిట్రగుంట చుట్టుపక్కల ముప్పై ఏళ్లు కేబుళ్లు, రిలేలు, కంట్రోల్ ఫోన్లు చూసుకుని రిటైరయ్యాడు. జీవితమంతా భూమిలో తీగలు పాతిన మనిషి పోయిపోయి ఆకాశం మీద మనసు పడ్డాడు.

ఆ రోజు నాకు సమాధానం తెలీలేదు, పోదాంలే కిందికి అని దాటేశా. తర్వాత నేను కూడా ఒంగోలు-నెల్లూరు మధ్య వారానికి రెండుసార్లు తిరగడం మొదలుపెట్టాక, ఫోన్లో మీటింగులు మధ్యలో తెగిపోవడం మొదలయ్యాక, కోపం కొద్దీ చదవడం మొదలుపెట్టా. ఇప్పుడు నా దగ్గర ఒక వాదన ఉంది, మామకి నచ్చదు, అయినా రాస్తన్నా. రైల్లో నెట్ కావాలంటే ఆకాశం వైపు చూడటం ఆపి కోచ్ కప్పు వైపు, పట్టాల పక్కకి చూడాలి. ఉపగ్రహానికి రైలు దగ్గర పని లేదనట్లా, ఉంది, బోలెడుంది, కాకపోతే నువ్వు నేను అనుకునే పని అది కాదు.

ముందు అసలు ఫోను ఎందుకు పలకదో చూద్దాం. అందరూ స్పీడు వల్ల అంటారు. మన విజయవాడ-గూడూరు లైన్లో 2022 సెప్టెంబర్ నుంచి 130 కిలోమీటర్ల స్పీడు అనుమతించారు, అంటే సెకనుకి 36 మీటర్లు. హారన్ కొడతా దగ్గరికొచ్చే బండి కూత ఒకరకంగా, దాటిపోయాక ఇంకోరకంగా వినపడద్ది కదా, రేడియో తరంగానికీ అదే జరగద్ది, దాన్నే డాప్లర్ అంటారు. 1800 మెగాహెర్ట్జ్ మీద ఈ స్పీడుకి వచ్చే తేడా దాదాపు 217 హెర్ట్జ్. 4జీలో సమాచారం మోసే పక్కపక్క సన్న రేడియో గీతల మధ్య ఎడం 15,000 హెర్ట్జ్. దాని ముందు ఇది ఏ మూలకి? 4జీని 350 కిలోమీటర్ల స్పీడు దాకా పనిచేసేట్టు డిజైన్ చేశారు, 5జీని 500 దాకా. కాబట్టి స్పీడు మీద నేరం మోపడం అన్యాయం, ఆ లెక్కలో మన బండి ఇంకా కాలినడకన పోతున్నట్టే.

అసలు దొంగ మనం కూర్చున్న డబ్బా. ఇది నేను ఫోన్లో ఒక ఉచిత యాప్ పెట్టుకుని చూసిందే. కావలి ప్లాట్‌ఫారం మీద నిలబడితే సిగ్నల్ మైనస్ 85 దగ్గర ఉంది (ఈ లెక్కలో మైనస్ పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు). ఏసీ చైర్ కార్ ఎక్కి తలుపు మూసుకుని సీట్లో కూర్చోంగానే, బండి ఇంకా కదల్లా, మైనస్ 105కి పడింది. 20 డెసిబెల్స్ తేడా అంటే వినడానికి చిన్నదిగా ఉంటది గానీ దానర్థం వందో వంతు అయిందని. టవరు నుంచి కోచ్ దాకా వచ్చిన దాంట్లో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఆ స్టీలు గోడా, ఆ సీలు వేసిన రెండు పొరల అద్దమూ మింగేశాయి. అందుకే జనరల్ బోగీలో కిటికీ చువ్వల పక్క కూర్చున్నోడు హాయిగా వీడియో కాల్ మాట్లాడతా ఉంటాడు, ఎక్కువ టికెట్ పెట్టి చల్లగా కూర్చున్నోడు ఫోను పైకెత్తి ఆరతి పడతా ఉంటాడు. యూరప్‌లో ఎండ ఆపడానికి అద్దం మీద సన్న లోహం పూత వేస్తారు, అది ఇంకా ఘోరం, ఆ పూత మీద లేజర్‌తో కంటికి కనపడని గీతలు గీసి సిగ్నల్‌కి దారి చేసుకోవాల్సి వచ్చింది వాళ్లకి.

రెండో దొంగ టవరు. ఈ లైన్లో టవర్లు రైలు కోసం పెట్టినవి కాదు. ఊళ్ల కోసం, పక్కనే పోయే 16వ నంబరు జాతీయ రహదారి కోసం పెట్టినవి. అక్కడ దాబాలున్నాయి, లారీలున్నాయి, బంకులున్నాయి, రోజంతా రీఛార్జ్ చేసేవాళ్లున్నారు. తెట్టు స్టేషను దాటాక పట్టాల పక్కన ఏముంది, వరి చేలు, సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు. కొంగల కోసం టవరు ఎవడు వేస్తాడు? అక్కడ బండి ఉండేది నాలుగైదు నిమిషాలే, ఆ నాలుగైదు నిమిషాలు మాత్రం వందల ఫోన్లు ఒక్కసారే అడుగుతాయి. 16 కోచ్‌ల వందే భారత్‌లో 1128 సీట్లు. టవర్లు మూడు కిలోమీటర్లకొకటి అనుకుంటే 83 సెకన్లకొకసారి ఆ వెయ్యిమంది ఫోన్లు ఒకేసారి పాత టవరు వదిలి కొత్త టవరు పట్టుకోవాలి. పెళ్లి పందిట్లో ఒకే పంక్తి లేచి వెయ్యిమంది ఒకే కొళాయి దగ్గర చెయ్యి కడగడం లాంటిది. 300 కిలోమీటర్ల బండికైతే 36 సెకన్లకే మళ్ళ కొత్త కొళాయి.

మొన్నీమధ్య నా పక్క సీట్లో ఒక రొయ్యల బయ్యరు. ఫోన్లో బేరం నడస్తా ఉంది. "ముప్పై కౌంటు, నాలుగొందల..." అన్నాడు, కట్. మళ్ళ దొరికేసరికి అవతలాయన ఇంకెవరికో ఇచ్చేశాడంట. ఆ నాలుగొందల తర్వాత ఏముందో నాక్కూడా తెలీకుండా పోయింది. రైల్లో నెట్ అంటే రీల్స్ చూసే కుర్రాళ్ల సరదా అనేవాళ్లకి ఆయన్ని చూపించాలి.

సరే, ఇప్పుడు మామ అడిగిన ఉపగ్రహం. మనవాళ్లు చేసి చూడలేదనుకోకండి. 2013లో హౌరా రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో ఉపగ్రహం మీద వైఫై పెట్టి చూశారు. 2021 ఆగస్టులో రైల్వే మంత్రి లోక్‌సభలో చెప్పిందేంటంటే, పెట్టుబడి ఎక్కువ, నెలనెలా బ్యాండ్‌విడ్త్ ఖర్చు ఎక్కువ, అంతా చేసినా ప్రయాణికులకి చాలినంత నెట్ రాలేదు, అందుకని ఆపేశాం అని. ఫ్రాన్స్‌లో కూడా ఇదే కథ, 2010లో తూర్పు వైపు పోయే టీజీవీ అనే హైస్పీడ్ బండ్లకి ఉపగ్రహం నెట్ పెట్టారు, 2016 చివర్లో ప్యారిస్-లియోన్ బండ్లలో వైఫై మొదలుపెట్టేటప్పుడు మాత్రం నేల మీది 4జీ పట్టుకున్నారు. డబ్బులున్న దేశమే కిందికి దిగొచ్చింది.

ఎందుకట్టా అంటే లెక్క వేసి చూడండి. మన జీశాట్-ఎన్2 అని ఒకటుంది, 2024 నవంబర్‌లో పోయింది, విమానాల్లో నెట్ ఇవ్వడం దాని పనుల్లో ఒకటి. (దాని బరువు 4700 కిలోలు, మన రాకెట్టు అంత దూరం కక్ష్యకి మోయలేదు, అమెరికా వాళ్ల ఫాల్కన్ మీద పంపారు. ఈ ముక్క మామ దగ్గర అనలేదు, బాధపడతాడు.) దాని మొత్తం కెపాసిటీ సెకనుకి 48 గిగాబిట్లు, బీములు (ఒక్కో ప్రాంతం మీదికి వదిలే సిగ్నల్ ధారలు) 32. సగటున బీముకి ఒకటిన్నర గిగాబిట్. ఒక బండిలో ఐదొందల మంది తలా రెండు మెగాబిట్ల వీడియో పెట్టారనుకో, గిగాబిట్ అయిపోయింది. అంటే కొన్ని జిల్లాలకి కలిపి ఇచ్చిన బీములో మూడింట రెండొంతులు ఒక్క రైలు తాగేసింది. ఆ ప్రాంతంలో అదే గంటలో ఇంకెన్ని రైళ్లు ఉంటాయో స్టేషన్ మాస్టర్ని అడగక్కర్లా, గేటు దగ్గర నిలబడినోడే చెప్తాడు.

ఇంక దూరం. ఇట్లాంటి ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మాట పైకి పోయి కిందికి రావడానికే పావు సెకను, జవాబు రావడానికి ఇంకో పావు. ఇద్దరూ ఒకేసారి "చెప్పండి" "మీరు చెప్పండి" అనుకునే ఫోన్ కాల్ అది.

ఒక విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. ప్యారిస్ దగ్గర యాంటెన్నా పెడితే ఆ ఉపగ్రహం దక్షిణం వైపు 30, 35 డిగ్రీల ఎత్తులో కనపడద్ది, అంటే బిల్డింగో కొండో చెట్టో అడ్డమొస్తది. నెల్లూరు అక్షాంశం 14 డిగ్రీల చిల్లర కాబట్టి మన జీశాట్‌లు ఉండే 83 డిగ్రీల తూర్పు స్థానం మనకి 70 డిగ్రీల పైనే, దాదాపు నడినెత్తిన. చెట్టు అడ్డం రాదు. కానీ రైలుకి నడినెత్తిన ఏముంటది? 25 వేల వోల్టుల కరెంటు తీగ. పక్కన దాన్ని మోసే స్తంభాలు, వాటి మధ్య ఎడం ఎక్కువలో ఎక్కువ 72 మీటర్లు, 130లో పోతా ఉంటే రెండు సెకన్లకొకటి. యార్డుల్లో అయితే లైన్లన్నిటి మీదుగా అడ్డంగా ఇనప పోర్టల్ దూలాలు. తీగ ఒక్కటే అయితే పర్లేదు, సిగ్నల్ కాస్త తగ్గినా దాటుకుంటది, దూలం కింద దూరినప్పుడల్లా మాత్రం చిటికెలో తెగి మళ్ళ కలవాలి.

వాన సంగతి చెప్పాల్సిన పనిలేదు. ఇంట్లో డిష్ ఉన్న ప్రతివాడికీ తెలుసు, జోరువాన మొదలైతే టీవీలో బొమ్మ పోద్ది. ఉపగ్రహం ఇంటర్నెట్ వాడే కేయూ, కేఏ అనే రేడియో బ్యాండ్ల గుణమే అది, కేఏ అయితే మరీ నాజూకు. మన జిల్లాలకి వాన ఎక్కువగా వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాల్లో, తుఫాన్లతో. బండ్లు లేటయ్యి జనానికి ఫోను అత్యవసరమయ్యే రోజులు సరిగ్గా అవే.

"అయితే ఆ వన్‌వెబ్‌వి కిందే తిరుగుతాయంటగా?" అని మామ వదల్లేదు. నిజమే, అవి 1200 కిలోమీటర్ల ఎత్తులో, స్టార్‌లింక్ వాళ్లవి 500 చుట్టుపక్కల. ఆలస్యం అనే జబ్బు చాలావరకు పోయింది. అవి సెకనుకి 7 కిలోమీటర్ల పైన పరిగెత్తే వస్తువులు, వాటి కళ్లకి మన 130 బండి రాయిలాగా నిలబడి ఉన్నట్టే, కాబట్టి రైలు స్పీడు ఒక సమస్యే కాదు. అమెరికాలో ఫ్లోరిడా వైపు బ్రైట్‌లైన్ బండ్లలో 2023లో స్టార్‌లింక్ పెట్టారు కూడా. మన దేశంలో స్టార్‌లింక్‌కి 2025లో టెలికాం లైసెన్స్ వచ్చింది. ఎడారిలోనో, మనుషులు లేని కొండల్లోనో నడిచే బండికి అది బంగారం. ఒంగోలు-నెల్లూరు మధ్య మాత్రం పట్టాల పక్కనే ఒక వస్తువు పడుకోని ఉంది, దాన్ని వదిలేసి పైకి పోవడం నాకు అర్థం కాదు.

ఆ వస్తువు ఫైబరు. 2000లో పెట్టిన రైల్‌టెల్ సంస్థకి దేశం మొత్తం మీద పట్టాల వెంట 60 వేల కిలోమీటర్ల పైన ఆప్టికల్ ఫైబర్ ఉంది. 6 వేల పైన స్టేషన్లలో వైఫై నడిచేది దాని మీదే, మొదటి అరగంట ఉచితం. అంటే ఆగి కూర్చున్నోడికి నెట్ ఇస్తన్నాం, నడిచే బండిలో ఉన్నోడికి లేదు. మధ్యలో ఉన్న ఎడం చివరి రెండొందల మీటర్లే, పట్టా పక్క నుంచి కోచ్ లోపలికి.

ఆ రెండొందల మీటర్లు దాటడం ప్రపంచం ఎప్పుడో నేర్చుకుంది. జపాన్ వాళ్లు టోకైడో షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు లైన్ పొడుగునా కావాలని అక్కడక్కడా చిల్లులు పెట్టిన కేబుల్ వేసుకున్నారు, మన డ్రిప్ పైపు లాగా, నీళ్ల బదులు సిగ్నల్ కారద్ది. 2009లో బండి లోపల వైఫై ఇచ్చింది ఆ కేబుల్ మీదే. చైనా వాళ్లు లైన్ పక్కన వరసగా యాంటెన్నాలు పెట్టి, ఐదారు కలిపి ఒకే టవరు అన్నట్టు ఫోన్లకి కనపడేట్టు చేశారు, దాంతో చెయ్యి కడుక్కునే కొళాయి కిలోమీటర్ల తరబడి మారదు. ఇంక డబ్బా సమస్యకి మందు సులువు. కోచ్ కప్పు మీద యాంటెన్నా, అది బయట సిగ్నల్ పట్టి తీగలో లోపలికి తెస్తది, లోపల చిన్న వైఫై పెట్టె పంచుతది. వెయ్యి ఫోన్లు టవరుతో కొట్లాడే బదులు ఒక్క పెట్టె కొట్లాడద్ది, ఆ పెట్టెలో రెండుమూడు కంపెనీల సిమ్ములు పెడితే తెట్టులో ఒకటి లేకపోతే ఇంకోటి అందుకుంటది. ముందు ఇంత మాత్రం చెయ్యండయ్యా, ఆ 20 డెసిబెల్స్ వెనక్కి వస్తే సగం గొడవ పోద్ది. టవర్లు ఎక్కడ వెయ్యాలో ఆ పెట్టె రాసుకున్న లెక్కలే తర్వాత చెప్తాయి.

ఇదంతా విని మామ ఒక్క మాట అన్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. "2021 నవంబర్ మర్చిపోయావా?"

మర్చిపోలా. పెన్నకి ఆ వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, పట్టాలు గాల్లో వేలాడాయి, బండ్లు ఎక్కడివక్కడ ఆపేశారు. అసలు పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి పేరిచ్చిన నదే ఆ లైనుని మింగింది. మామ గొడుగేసుకోని కట్ట దాకా పోయి చూసొచ్చాడు, ఆయన లెక్కలో పోయింది పట్టా కాదు, పట్టా పక్కన పాతిన కేబుళ్లు. "కట్ట పోతే ఫైబరూ పోద్ది, కరెంటు పోతే టవరు బ్యాటరీ ఎన్ని గంటలుంటది? అప్పుడు మధ్యలో ఆగిన బండి డ్రైవరు ఎవరితో మాట్లాడాల? మా కాలంలో స్తంభానికి ఉండే సాకెట్లో ఎమర్జెన్సీ ఫోను గుచ్చి కంట్రోల్‌తో మాట్లాడేవాళ్లు, ఆ తీగ కూడా అదే కట్టలో ఉంది" అన్నాడు.

ఇక్కడ నేను ఒప్పుకున్నా. ఉపగ్రహం అసలు పని ఇదే. ఐదొందల మంది సినిమాలు మొయ్యడం దాని వల్ల కాదు, ఒక డ్రైవరు మాట, ఒక బండి ఎక్కడుందనే ముక్క మొయ్యడం దాని వల్ల అవుద్ది, చిన్న సందేశానికి పెద్ద పైపు అక్కర్లా. ఇది ఇప్పటికే నడస్తా ఉంది కూడా. ఇస్రోతో కలిసి చేసిన ఆర్‌టీఐఎస్ పెట్టెలు ఇంజన్లలో పెట్టారు, అవి ఉపగ్రహాల సాయంతో బండి ఉన్న చోటు పట్టుకుని 30 సెకన్లకొకసారి కంట్రోల్‌కి చెప్తాయి. మన ఫోన్లో బండి ఎక్కడుందో చూసుకునే యాప్‌లకి ఆ సమాచారం కూడా ఆసరా. మామ కోరుకున్నట్టు ఉపగ్రహాన్ని బండికి తగిలించారు, కాకపోతే సీట్లకి కాదు, ఇంజనుకి.

అసలు వరస కూడా అదే ఉండాలని నా పట్టు. ముందు డ్రైవరు, తర్వాత మనం. 130లో పోయే బండి బ్రేకు వేస్తే ఆగడానికి కిలోమీటరు పైనే పడద్ది. పొగమంచులో, వానలో సిగ్నల్ దీపం కంటితో చూసి ఆపాలంటే ఎట్టా? కవచ్ అనే ఏర్పాటు అందుకే. పట్టాల మధ్య స్లీపర్లకి బిగించిన ఆర్ఎఫ్ఐడీ (రేడియోతో చదవగలిగే) బిళ్లలని ఇంజను చదువుకుంటా పోద్ది, స్టేషన్ దగ్గర టవరుతో రేడియోలో మాట్లాడద్ది, ఎర్ర దీపం దాటబోతా ఉంటే తనే బ్రేకు వేస్తది. చూడండి, ఇందులో కూడా ప్రాణం కాపాడే మాట నడిచేది నేల మీద రేడియోలోనే, ఉపగ్రహం దాంట్లో గడియారం సరిచేసే పనికి ఉంది. 2021 జూన్‌లో రైల్వేకి 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్ ఇచ్చారు, డ్రైవరు, గార్డు, కంట్రోల్ మధ్య సొంత 4జీ కోసం. 700 అంటే దూరం పోయే బ్యాండ్, చేల మధ్య తక్కువ టవర్లతో సరిపెట్టుకోవచ్చు. ఆ ఐదులో మన రీల్స్‌కి చోటు అడగకూడదు, అది అంబులెన్స్ దారి. కానీ ఆ టవరు ఎట్టాగూ పట్టాల పక్కన లేస్తది, ఫైబరు ఎట్టాగూ దాని దాకా వస్తది, కరెంటు ఎట్టాగూ లాగుతారు. అదే ఇనప కడ్డీకి కొంచెం కిందగా సిమ్ కంపెనీల యాంటెన్నాలు కూడా కట్టుకోనిస్తే, అద్దె తీసుకుంటే, కొంగల దగ్గర టవరు వెయ్యమని ఎవర్నీ బతిమాలాల్సిన పనిలేదు.

హైదరాబాద్-చెన్నై హైస్పీడ్ లైన్ మాట పేపర్లో వచ్చినప్పుడల్లా మామ కట్టింగ్ తీసి ఫోటో పంపుతాడు. ఆ లైన్‌కైతే మొదటి రోజు నుంచే కంచె పక్కన కేబుల్ గుంత కూడా డ్రాయింగ్‌లో ఉండాలి, తర్వాత తవ్వుకుందాంలే అంటే 300 స్పీడులో బండ్లు తిరిగే చోట గడ్డపార పట్టుకుని ఎవడూ దిగలేడు.

మొన్న ఒంగోలు నుంచి వస్తా ఉంటే బిట్రగుంట దాటాక మూడో లైన్ పక్కన సన్న గాడి తవ్వి ఉంది, పక్కనే నారింజ రంగు పైపు చుట్టలు గుట్టగా పడేసి ఉన్నాయి, ఇద్దరు మనుషులు నెత్తిన తువ్వాళ్లు కట్టుకోని చుట్ట విప్పతా ఉన్నారు. కిటికీ అద్దంలోంచే ఫోటో తీసి, "చూడు మామా, నీ ఆకాశం ఇక్కడ పాతిపెడతన్నారు" అని వాట్సాప్‌లో పెట్టా. గడియారం గుర్తు అట్టాగే తిరగతా ఉంది. తలమంచి పోయింది, కొడవలూరు పోయింది. రెండు టిక్కులు పడేసరికి పడుగుపాడు వచ్చేసింది, ఆయన గేటు దగ్గర నిలబడి ఉంటాడేమో అని నేను కిటికీలోంచి చూస్తా ఉన్నా.